చిన్నపిల్లలకు చరిత్ర ఎలా చెప్పాలి: ఇంటికీ బడికీ పనికొచ్చే సమగ్ర మార్గదర్శి

"మా బాబుకు ఏడేళ్లు. కథలంటే చెవి కోసుకుంటాడు, చరిత్ర అనగానే లేచిపోతాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న అమ్మానాన్నల నుంచి ఎన్నిసార్లు వచ్చిందో, ప్రైమరీ క్లాసులు చెప్పే టీచర్ల నుంచీ అన్నిసార్లు వచ్చింది. అందుకే చేసే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఇది అయిదు నుంచి పదేళ్ల పిల్లల కోసం. నేను క్లాసులో చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి నిలబెట్టుకున్న వరుస ఇది. దీని కింద ఉన్నవి రెండే ప్రశ్నలు: "ఏది ముందు, ఏది తర్వాత?", "అది మనకెలా తెలుసు?" ఏ పాఠం చెప్పినా ఈ రెండిట్లో ఒకటైనా పిల్లల నోట రావాలి. రాకపోతే మనం కథ చెప్పాం, చరిత్ర చెప్పలేదు.

## 1. ముందుగా వయసు చూసుకోండి

క్లాసు నంబరును బట్టి కాదు, పిల్లలకు కాలం మీద ఉన్న పట్టును బట్టి మొదలుపెట్టండి. నిన్న, మొన్న, పోయిన వారం అనే మాటల్ని తికమక పడకుండా వాడని పిల్లలకు వేల ఏళ్ల సంగతి చెప్పినా బుర్రకెక్కదు.

5–6 ఏళ్లు: తమ జీవితం, ఇంట్లో పెద్దవాళ్ల చిన్నతనం, పాత వస్తువులు. తేదీలు అసలు వద్దు. "ముందు", "తర్వాత", "అప్పుడు", "ఇప్పుడు" చాలు.

7–8 ఏళ్లు: "వందేళ్ల కిందట", "వెయ్యేళ్ల కిందట" మొదలుపెట్టవచ్చు. ఒకే సంఘటన తీసుకుని నాలుగైదు రోజులు దాని మీదే ఉండవచ్చు.

9–10 ఏళ్లు: క్రీస్తుపూర్వం, శతాబ్దం, ఒకే సంగతి మీద రెండు ఆధారాలు కొట్టుకోవడం. తొమ్మిదేళ్లొచ్చినా కిందటి మెట్లు ఎక్కకుండా వచ్చిన పిల్లలుంటే, వాళ్లతో మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టండి. వయసు పెద్దది కాబట్టి చకచకా ఎక్కేస్తారు.

## 2. దగ్గర పెట్టుకోవలసినవి

- ఆరు మీటర్ల గట్టి దారం లేదా పురికొస
- ఇరవై బట్టల క్లిప్పులు
- పోస్టుకార్డు సైజు అట్టముక్కలు, స్కెచ్ పెన్నులు
- కొలిచే టేపు
- ఒక భూతద్దం (లేకపోయినా నడుస్తుంది కానీ, ఉంటే పిల్లలు రెట్టింపు సేపు చూస్తారు)
- నాలుగైదు పాత వస్తువులు: తాళంచెవి, ఉత్తరం, చేతి గడియారం, రేడియో, చెల్లని నాణెం, ఏదైనా సరే
- పాత ఫొటోల జిరాక్సులు
- పిల్లలు ఒక్కొక్కరికి ఒక నోటుబుక్కు

ఫొటోలు జిరాక్సులే అని ఊరికే రాయలేదు. మొదటి ఏడాది మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత గ్రూపు ఫొటోను క్లాసుకు పట్టుకెళ్లాను. తిరిగొచ్చేసరికి వెనక వరుసలో ఇద్దరికి ఆకుపచ్చ మీసాలు మొలిచాయి. తప్పు పిల్లలది కాదు.

## 3. మొదటి వారం: కాలాన్ని చేతికివ్వండి

కాలం కంటికి కనిపించదు. దాన్ని పొడవుగా మార్చి చేతికిస్తే పిల్లలు పట్టుకుంటారు. ఇది రెండు దారాల పని. రెంటినీ కలిపేయడమే ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు.

పొట్టి దారం (తమ జీవితం)

1. నేల మీద దారం పరిచి, ఒక చివర "ఇవాళ" అని క్లిప్పు పెట్టండి.
2. పిల్లల జాన ఒక్కటి ఒక ఏడాది. ఇవాళ్టి నుంచి వెనక్కి ఎనిమిది జానలు కొలిస్తే ఎనిమిదేళ్ల పాప పుట్టిన చోటు వస్తుంది.
3. చెల్లి పుట్టింది, పన్ను ఊడింది, బడిలో చేరింది. ఒక్కో అట్ట రాసి తగిలించమనండి.
4. "చెల్లి పుట్టినప్పుడు నీకు పన్ను ఊడిందా, ఇంకా లేదా?" అని అడగండి. దారం చూసి చెప్పాలి, గుర్తు తెచ్చుకుని కాదు.

పొడుగు దారం (లోకం)

రెండు మూడు రోజులు ఆగి ఇది తీయండి. కొలత మారుతోందని గట్టిగా చెప్పండి: ఇక్కడ ఒక మీటరు అంటే వెయ్యేళ్లు. అంటే ఒక ఏడాదికి ఒక మిల్లీమీటరు. ఎనిమిదేళ్ల పాప జీవితమంతా ఎనిమిది మిల్లీమీటర్లు, దాదాపు ఆమె చిటికెన వేలిగోరంత. ఈ ఒక్క మాట దగ్గర క్లాసు నిశ్శబ్దమైపోతుంది. తొందరపడి ముందుకు పోకండి.

తర్వాత వీటిని కొలిచి తగిలించండి:

- మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన 1969: ఇవాళ్టి నుంచి ఆరు సెంటీమీటర్లలోపే
- యూరప్‌లో గుటెన్‌బర్గ్ అచ్చు పుస్తకం వేసిన 1450ల కాలం: సుమారు 57 సెంటీమీటర్లు
- ఇటలీలోని పాంపే నగరం అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన క్రీ.శ. 79: రెండు మీటర్లకు కాస్త ఇవతల
- ఈజిప్టు రాణి క్లియోపాత్రా చనిపోయిన క్రీ.పూ. 30: రెండు మీటర్లకు కాస్త అవతల
- గిజాలో పెద్ద పిరమిడ్ కట్టిన కాలం (క్రీ.పూ. 2560 ప్రాంతం): సుమారు 4.6 మీటర్లు

ఇప్పుడు టేపు పిల్లలకిచ్చి అడగండి: "క్లియోపాత్రా ఎవరికి దగ్గర? పిరమిడ్ కట్టినవాళ్లకా, మనకా?" పెద్దవాళ్లు కూడా పిరమిడ్ అనే అంటారు. కొలిస్తే పిరమిడ్ ఆమెకు రెండున్నర మీటర్ల దూరంలో ఉంటుంది, మనం రెండు మీటర్ల దూరంలో ఉంటాం.

"డైనోసార్లు ఎక్కడ పెట్టాలి టీచర్?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పక్షులు డైనోసార్ల సంతతే, వాటిని పక్కన పెడితే డైనోసార్లు అంతరించి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లు. మన కొలత ప్రకారం ఆ అట్ట తగిలించాలంటే దారం 66 కిలోమీటర్లు ఉండాలి. మా క్లాసులో ఒకడు "అయితే బస్సెక్కి వెళ్లి తగిలించి రావాలి" అన్నాడు. డైనోసార్లు, గుహల్లో మనుషులు ఒకేకాలంలో తిరిగారన్న భ్రమ ఆ బస్సుతోనే పోయింది.

ఈ దారాన్ని గోడకు కట్టి ఏడాదంతా ఉంచండి. కొత్త పాఠం చెప్పిన ప్రతిసారీ ఒక అట్ట చేరాలి.

సరిచూసుకోండి

- "ఇవాళ" ఎటువైపు ఉందో పిల్లలు చూపించగలరా?
- రెండు దారాల కొలతలు వేరని తమ మాటల్లో చెప్పగలరా?
- మూడు అట్టలు తీసేసి ఇస్తే వరుసగా పెట్టగలరా?

మూడోది రాకపోతే తర్వాతి మెట్టుకు వెళ్లకండి. ఇంకో వారం పోతే పోనివ్వండి.

## 4. వస్తువు పెట్టి పాఠం చెప్పడం

మొత్తం పద్ధతికి ఇదే గుండెకాయ. కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

వరుస ఇది. మార్చకండి.

1. చూపు: వస్తువును మధ్యలో పెట్టండి. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. మీరు కూడా.
2. కనిపించింది: కంటికి కనిపించేవి మాత్రమే చెప్పాలి. "ఇనుముది", "పిడి ఉంది", "అడుగున నునుపుగా ఉంది".
3. అనుకున్నది: ఇప్పుడు ఊహలు. ఏదీ తప్పనకండి.
4. ఎందుకు అనుకున్నావు?: ప్రతి ఊహకూ వస్తువులో ఒక గుర్తు చూపించాలి.
5. ఇంకా తెలియనిది: మిగిలిన ప్రశ్నలు.
6. సరిచూడడం: పేరు ఇప్పుడు చెప్పండి, అంతకుముందు కాదు.

బోర్డు మీదైనా నోటుబుక్కులోనైనా మూడు గళ్లు గీయండి: కనిపించింది, అనుకున్నది, ఇంకా తెలియనిది.

ఒకసారి బొగ్గుల ఇస్త్రీపెట్టె తీసుకెళ్లాను. వెనక చిన్న పొగగొట్టం లాంటిది, పక్కన చిల్లులు, పైన చెక్కపిడి. మొదటి ఊహ రైలింజన్. ఎందుకు అంటే పొగగొట్టం చూపించారు. "మరి చక్రాలు?" అంది ఇంకో పాప, అంతే, రైలు ఆగిపోయింది. తర్వాత ఎవరో మూత తీసి లోపల వేలు రాసి నల్లగా అయిందని చూపించారు. "లోపల ఏదో కాలింది." ఇనుప పెట్టెకు చెక్కపిడి ఎందుకు పెట్టారు అని నేను అడిగిన ఒక్క ప్రశ్నతో "చెయ్యి కాలకుండా" అన్న జవాబు వచ్చింది. అక్కడి నుంచి ఇస్త్రీపెట్టెకు చేరడానికి రెండు నిమిషాలు పట్టలేదు. చివర్లో ఒకడు "దీనికి వైరు ఏది?" అన్నాడు. ఆ ప్రశ్న మూడో గడిలోకి వెళ్లింది, మర్నాటి పాఠం అదే అయింది: కరెంటు రాకముందు ఇళ్లలో పనులు ఎలా జరిగేవి.

నేను మొదట్లో చేసిన తప్పు, వస్తువు బల్ల మీద పెడుతూనే "ఇదేమిటో చెప్పండి చూద్దాం" అనడం. అది పొడుపుకథ అవుతుంది. తెలిసిన ఒక్కరు అరిచేస్తారు, మిగతావాళ్ల పని అయిపోతుంది. అలా ఎవరైనా ముందే పేరు చెప్పేస్తే కంగారు పడకండి, "సరే, అదే అనుకుందాం. వస్తువులో ఏం చూసి ఒప్పుకోవాలి?" అని అడగండి.

అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పాలని టెన్షన్ పడవద్దు. మొహెంజొదారో ముద్రల మీది సింధు లిపిని ఇంతవరకు ఎవరూ రుజువుతో చదవలేకపోయారు. ఆ ముద్రల బొమ్మ చూపించి ఈ మాట చెబితే, పెద్దవాళ్లకు కూడా తెలియనిది ఉందన్న సంగతికి పిల్లలు ఎంత సంబరపడతారో చూడండి.

## 5. పెద్దవాళ్లను అడిగించడం

"మీ చిన్నప్పుడు ఎలా ఉండేది తాతయ్యా?" అని అడిగితే "బాగుండేది నాన్నా" అని వస్తుంది. సంభాషణ అక్కడితో సరి. ప్రశ్న చిన్నదై, ఒకచోట ఆగాలి:

- బడికి దేని మీద వెళ్లేవారు? దారిలో ఏమేం కనిపించేవి?
- రాత్రి చదువుకోవడానికి వెలుతురు ఎక్కడిది?
- ఏ ఆట ఆడేవారు? దానికి ఏం కావాలి?
- దూరంగా ఉన్నవాళ్లకు కబురు ఎలా పంపేవారు?

నాలుగు ప్రశ్నలు చాలు. నోటుబుక్కులో రాసుకుని వెళ్లాలి, విన్నది రెండు మాటల్లో రాసుకోవాలి. రాయడం రాని పిల్లలు బొమ్మ వేస్తారు.

ఇంటర్వ్యూకు ముందు మీరే పెద్దవాళ్లతో ఒక మాట మాట్లాడుకోండి. తలచుకోవడానికి ఇష్టపడని సంగతులు ఎవరికైనా ఉంటాయి. బడిలో అయితే "మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి రండి" అనకండి. వాళ్లు లేని పిల్లలు, వేరే ఇంట పెరుగుతున్న పిల్లలు ఉంటారు. "మీకు తెలిసిన ఎవరైనా పెద్దవారిని" అంటే అందరూ అందులో ఇమిడిపోతారు.

ఒకే సంగతిని అన్న ఒకలా, చెల్లెలు మరోలా చెప్పడం మామూలే. అప్పుడు ఎవరిది నిజమని తీర్పు చెప్పకండి. రెండూ పక్కపక్కన రాయించి, "ఇంకెవరిని అడిగితే తేలుతుంది? ఏ కాగితం చూస్తే తెలుస్తుంది?" అని అడగండి. పిల్లలకు ఆధారం అన్న మాట మొదటిసారి నిజంగా అర్థమయ్యేది అక్కడే.

## 6. ఒక సంఘటనను నాలుగు రోజులు చెప్పడం

ఏడేళ్లు దాటిన పిల్లలకు నేను ఎప్పుడూ మంచుమనిషి ఓట్జీతో మొదలుపెడతాను. రాజు కాదు, యుద్ధం లేదు, కంఠస్థం చేయాల్సిన పేర్లు లేవు. ఉన్నదంతా ఆధారాలే.

మొదటి రోజు: దొరికాడు. 1991 సెప్టెంబరులో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు దగ్గర ఆల్ప్స్ పర్వతాల్లో, 3,200 మీటర్ల ఎత్తున, కొండెక్కుతున్న దంపతులకు మంచులో ఒక శవం కనిపించింది. ఈమధ్యే చనిపోయిన పర్వతారోహకుడు అనుకున్నారు. దగ్గర్లో రాగి గొడ్డలి ఒకటి దొరికింది. ఇక్కడ ఆపి అడగండి: "ఈ కాలపు మనిషి రాగి గొడ్డలి పట్టుకు తిరుగుతాడా?" చివర్లో చెప్పండి, అతను చనిపోయి సుమారు 5,300 ఏళ్లు. వెళ్లి దారం మీద కొలవమనండి, పిరమిడ్ కన్నా అవతల పడతాడు.

రెండో రోజు: ఒంటి మీద ఏముంది? ఎలుగుబంటి తోలు టోపీ, మేక, గొర్రె తోళ్లతో కుట్టిన కోటు, చలి ఆగడానికి లోపల గడ్డి కూరిన బూట్లు. ఒంటి మీద 61 పచ్చబొట్లు. ఇవన్నీ అట్టల మీద రాసిచ్చి, "ఈ మనిషి గురించి నువ్వు చెప్పగలిగేది ఏమిటి? ఏ వస్తువును బట్టి?" అని అడగండి.

మూడో రోజు: ఎలా చనిపోయాడు? 2001లో ఎక్స్‌రేలో ఎడమ భుజంలో బాణం మొన కనిపించింది. దొరికిన పదేళ్ల దాకా దాన్ని ఎవరూ గమనించలేదు. ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు. భయపడే పిల్లలుంటే ఈ రోజు దాటేయండి, పాఠానికి ఏ లోటూ రాదు.

నాలుగో రోజు: బొమ్మ మారింది. మొదట తయారుచేసిన బొమ్మల్లో ఓట్జీకి పొడుగు జుట్టు, తెల్లటి ఛాయ పెట్టారు. 2023లో అతని డీఎన్‌ఏను మళ్లీ పరీక్షిస్తే ఛాయ ముదురని, బట్టతల అయి ఉండవచ్చని తేలింది. "అయితే ముందు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పారా?" అని పిల్లలు అడుగుతారు. మీరు జవాబు చెప్పకండి, వాళ్లలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. మా క్లాసులో తేలినది, "వాళ్ల దగ్గర అప్పుడు అది లేదు కదా" అని.

తొమ్మిది పదేళ్ల వాళ్లకు ఇదే పని పాంపేతో చేయవచ్చు. వెసూవియస్ అగ్నిపర్వతం పేలింది ఆగస్టు 24న అని చాలాకాలం చెప్పుకున్నారు, ఆధారం దాన్ని కళ్లారా చూసిన రోమన్ రచయిత ప్లినీ రాసిన ఉత్తరం ప్రతులు. 2018లో పాంపేలో ఒక గోడ మీద బొగ్గుతో గీసిన రాత దొరికింది. అందులో ఉన్న తేదీ మన లెక్కలో అక్టోబరు 17. బొగ్గు గీత ఎక్కువ కాలం నిలవదు, కాబట్టి అది ఆ ఏడాదిదే అయి ఉంటుందని, పేలింది ఆ తర్వాతే అయి ఉంటుందని కొందరి వాదన. కానీ ఆ రాతలో సంవత్సరం లేదు. ఈ చివరి మాట దాచిపెట్టి, క్లాసు అంతా అక్టోబరు వైపు మొగ్గాక బయటపెట్టండి. గోల చేస్తారు, చేయనివ్వండి.

## 7. పీరియడ్ నలభై నిమిషాలే, పిల్లలు నలభై మంది

ఇంట్లో ఒకరితో చేసింది క్లాసులో కుదరదంటారు. కుదురుతుంది, ఇలా పంచుకుంటే:

- 5 నిమిషాలు: గోడ మీది దారం దగ్గర ఒక ప్రశ్న
- 5 నిమిషాలు: ఇవాళ్టి కథ, సగం దాకా మాత్రమే
- 20 నిమిషాలు: అయిదుగురు చొప్పున ఎనిమిది గుంపులు, ఒక్కో గుంపుకు ఒక జిరాక్సు, మూడు గళ్ల కాగితం
- 10 నిమిషాలు: రెండు గుంపులు చెప్పాలి, మిగతావాళ్లు "ఎలా తెలుసు?" అని అడగాలి

అన్ని గుంపులూ చెప్పాలని పెట్టుకుంటే గంట కొట్టేస్తుంది. మిగతా గుంపులకు మర్నాడు అవకాశం ఇవ్వండి, ఎవరి వంతో బోర్డు మూల రాసి పెట్టండి.

ఇంట్లో వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు. అంతకు మించితే అది ట్యూషన్ అవుతుంది.

## 8. యుద్ధాలు, బానిసత్వం, చావులు

దాచకండి, వర్ణించకండి. ఏం జరిగింది, ఎవరికి జరిగింది, ఎవరు అడ్డుపడ్డారు అన్న మూడింటితో ఆగండి. రక్తపాతం బొమ్మలు వద్దు. పడుకునే ముందు అసలే వద్దు. చివర ప్రశ్నలకు పది నిమిషాలు మిగిలేలా చూసుకోండి, ప్రశ్న మింగి వెళ్లిన పిల్లలకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

బానిసలు, యజమానులు అని క్లాసును చీల్చి నాటకం ఆడించకండి. అనుభవంతో అర్థమవుతుందనే మంచి ఉద్దేశంతోనే చేస్తారు. చివరికి కొందరు పిల్లలు నిజంగా అవమానపడతారు, కొందరు నిజంగా సరదా పడతారు. రెండూ ప్రమాదమే. దాని బదులు ఆ కాలంలో బతికిన ఒకరి మాటలు చదివి వినిపించండి.

ఇంకో జాగ్రత్త: "వాళ్లు మన మీద దాడి చేశారు" అనే వాక్యం. చిన్నపిల్లలకు "వాళ్లు" అంటే పక్క బెంచీలో ఉన్న స్నేహితుడు కూడా అయిపోతాడు. ఎవరు చేశారో పేరుపెట్టి చెప్పండి: ఫలానా రాజు, ఫలానా ఏట, ఫలానా చోట.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి మందు

"అప్పటివాళ్లకు తెలివి లేదు." పిల్లలందరూ ఒక దశలో ఇలా అనుకుంటారు. ఉపన్యాసం పని చేయదు, ఇసుక పని చేస్తుంది. ఒక ట్రేలో పొడి ఇసుక పోయండి. అట్ట మీద బరువైన రాయి పెట్టి, దానికి రబ్బరు బ్యాండు కట్టి లాగించండి. బ్యాండు ఎంత సాగిందో కొలవండి. ఇసుక మీద కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ మళ్లీ లాగించండి. ఒకచోట సాగుడు తగ్గుతుంది, నీళ్లు మరీ ఎక్కువైతే మళ్లీ పెరుగుతుంది. అట్ట తడిసి చిరగకుండా అడుగున ప్లాస్టిక్ కవరు అంటించుకోండి, నేను మర్చిపోయి ఒక పీరియడ్ పోగొట్టుకున్నాను.

తర్వాత చెప్పండి: ఈజిప్టులో జెహుతిహోతెప్ అనే అధికారి సమాధిలోని చిత్రంలో, పెద్ద విగ్రహాన్ని చక్రాలు లేని చెక్క బండి మీద జనం లాగుతుంటే ఒక మనిషి ముందు నిలబడి నేల మీద నీళ్లు పోస్తుంటాడు. ఇసుకను సరైన పాళ్లలో తడిపితే లాగే బలం సగం చాలునని 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రయోగం చేసి చూపించారు. పిల్లలు తమ ట్రేలో చూసిందే అది.

రాజులే రాజులు. పిల్లలకు రాజుకన్నా కూలివాడు దగ్గర. రాజుల సమాధులు చెక్కిన ఈజిప్టు పనివాళ్ల హాజరుపట్టీ ఒకటి సున్నపురాయి పలక మీద రాసింది ఉంది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో చూడవచ్చు. సుమారు క్రీ.పూ. 1250 నాటిది. నలభై మంది పేర్లు, ఎవరు ఏ రోజు ఎందుకు రాలేదో ఉంటుంది: ఒంట్లో బాగోలేదు, తేలు కుట్టింది, బీరు కాచుకుంటున్నాడు. ఇది చెప్పి మీ క్లాసు హాజరుపట్టీ పక్కన పెట్టండి. "మూడువేల ఏళ్ల తర్వాత మన పట్టీ దొరికితే మన గురించి ఏమనుకుంటారు?" అన్న ప్రశ్నకు ఒక పీరియడ్ సరిపోదు.

సంవత్సరాల బట్టీ. ఏడాదికి పది తేదీలు చాలు, అవీ దారం మీద ఉన్నవే.

క్రీస్తుపూర్వం వెనక్కి నడవడం. 300 కన్నా 200 చిన్నది కాబట్టి క్రీ.పూ. 200 ముందు వచ్చిందంటారు. దారం దగ్గరికి తీసుకెళ్లి నడిపించండి. మధ్యలో సున్నా సంవత్సరం లేదు: క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. పందొమ్మిదో శతాబ్దం అంటే 1801 నుంచి 1900 దాకా అన్నది కూడా ఇక్కడే చెప్పేయండి, మొదటి వందేళ్లు మొదటి శతాబ్దం కాబట్టి.

విన్నదల్లా నిజం. "చైనా గోడ చంద్రుడి మీంచి కనిపిస్తుంది" అని ఎవరో ఒకరు చెబుతారు. కొట్టిపారేయకండి. చంద్రుడు ఎంత దూరం? సుమారు 3,84,000 కిలోమీటర్లు. గోడ వెడల్పు ఎంత? కొన్ని మీటర్లు. 2003లో అంతరిక్షంలోకి వెళ్లిన చైనా వ్యోమగామి యాంగ్ లివెయ్ చంద్రుడికన్నా ఎంతో దగ్గర నుంచి చూసి కూడా గోడ కనబడలేదన్నాడు. ఈ మూడూ బోర్డు మీద రాసి మీరు పక్కకు తప్పుకోండి.

## 10. మ్యూజియానికి వెళ్లేటప్పుడు

- ముందు మీరొక్కరే వెళ్లి మూడు వస్తువులు ఎంచుకోండి
- ఆ మూడే చూపించండి, ఒక్కోదాని ముందు పది నిమిషాలు
- పెన్సిలు, అట్ట ఇవ్వండి, బొమ్మ వేయమనండి. వేస్తే తప్ప కన్ను ఆగదు
- పక్కన రాసిన పేరు చివర్లో చదవండి
- బాత్రూమ్, మంచినీళ్ల చోటు ముందే చూసుకోండి

అంతా చూపించాలన్న ఆత్రంతో వెళ్లినవాళ్ల పిల్లలకు గుర్తుండేది కాళ్లనొప్పులే.

## 11. వచ్చిందో లేదో తెలుసుకోవడం

స్లిప్ టెస్టు పెట్టకండి. నేను చేసేవి మూడు.

ఒకటి, దారం మీది అట్టలు అయిదు కలిపేసి ఇస్తాను, వరుస పెట్టాలి.

రెండు, తప్పుల బొమ్మ. పిరమిడ్ దగ్గర రాయి లాగుతున్న మనిషి చేతికి గడియారం, ఓట్జీ బూట్లకు జిప్పు, పాంపే వీధిలో కరెంటు స్తంభం వేసి ఇస్తాను. ఏవి అక్కడ ఉండకూడదో, ఎందుకు ఉండకూడదో చెప్పాలి. తర్వాత పిల్లలే వేసుకొచ్చి నాకు పరీక్ష పెడతారు. ఒకసారి ఒక పాప వేసిన బొమ్మలో ఏ తప్పూ దొరకక ఓడిపోయాను. ఓట్జీ నవ్వుతున్నాడట, బాణం తగిలినవాడు నవ్వడు కదా అంది.

మూడు, నోటుబుక్కులోని "ఇంకా తెలియనిది" గడి. రెండు నెలలకోసారి వెనక్కి తిప్పి చదివిస్తాను. తెలిసిపోయినవాటికి టిక్కు పెట్టి, ఎలా తెలిసిందో పక్కన రాస్తారు. టిక్కు పడనివాటిలోంచి పిల్లలు ఓటేసి ఒకటి ఎంచుకుంటారు. వచ్చే వారం పాఠం దాని మీద.